హాట్ టబ్ కొనేముందు ఒకసారి పక్కింటి కిటికీ దగ్గర నిలబడండి

పోయిన ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఈ మధ్యే టెక్సాస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో, మాకు పది నిమిషాల దూరంలో ఇల్లు కొనుక్కున్నాడు. "అక్కా, సౌండ్ అస్సలు రాని హాట్ టబ్ ఏ కంపెనీదో చెప్పు. థాంక్స్‌గివింగ్ సేల్‌లో తీసేసుకుంటాం" అన్నాడు. హాట్ టబ్ అంటే నలుగురైదుగురు కూర్చునే వేడినీళ్ల తొట్టి, మోటారుతో నీళ్లని జోరుగా చిమ్మే జెట్లు ఉంటాయి. ఎక్కడ పెడతావురా అని అడిగాను. "ఇంటి పక్క సందులో, ఏసీ యూనిట్ పక్కన ఖాళీ ఉందిగా. అక్కడైతే ఎవరికీ కనపడదు" అన్నాడు.

ఎవరికీ కనపడదు, నిజమే. కానీ వాళ్ల వీధిలో కూడా మా వీధిలోలాగే రెండిళ్ల గోడల మధ్య పది పన్నెండు అడుగులే ఉంటుంది. మధ్యలో ఒక చెక్క ఫెన్సు. ఫెన్సుకి అవతల ఎవరి గది ఉందని అడిగితే వాడికి తెలియదు. అరగంట మాట్లాడినా నేను చెప్పాలనుకున్నది పూర్తి కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇదే ప్రశ్న నన్ను ఇంతకుముందు కూడా ముగ్గురు నలుగురు అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సౌండ్ రాని టబ్ అంటూ షోరూంలో దొరకదు. మంచి టబ్‌ని తప్పు చోట పెడితే ఊరంతా వినపడుతుంది. మామూలు టబ్‌ని సరైన చోట సరిగ్గా కూర్చోబెడితే ఇంట్లోవాళ్లకే వినపడదు. అది నిశ్శబ్దంగా ఉందో లేదో చెప్పాల్సింది కూడా అందులో కూర్చున్న మనం కాదు, గోడకి అవతల పడుకున్న మనిషి.

ఇదంతా నాకు ముందు తెలియదు. రెండేళ్ల క్రితం మేం చేసిన తప్పువల్ల తెలిసింది.

ఆవిడ గదిలో ఐదు నిమిషాలు

ఆ ఏడు సెప్టెంబరులో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఆయనకి నడుంనొప్పి. చలికాలం లోపు టబ్ పెట్టించేద్దామనుకున్నాం. అక్టోబరులో వచ్చింది. ఇంటి వెనక గచ్చు వేసిన పేషియోలో, రెండు ఇటుక గోడలు కలిసే మూలలో, కప్పు కింద పెట్టించాం. వాన పడదు, వంటింట్లోంచి నాలుగు అడుగులేస్తే చాలు, కరెంటు లైను దగ్గర. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా వచ్చింది. మా ఊళ్లో రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా చప్పుడు చేయకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, నీళ్లు వడకట్టే ఫిల్టర్ తిరిగే వేళలు పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా పెట్టాను. అన్నీ పద్ధతి ప్రకారమే చేశామన్న ధీమా నాది.

నవంబరు మొదట్లో ఒకరోజు పదకొండింటికి పక్కింటావిడ తలుపు కొట్టింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు. ఏడింటికి దిగి, ఇంటికొచ్చి, ఎనిమిదిన్నరకి పడుకుని మూడింటికి లేస్తుంది. ఆ రోజు కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదని, కారణం మా టబ్ అనుకుంటున్నానని, ఒకసారి వచ్చి వింటావా అని అడిగింది. గొడవ పడటానికి రాలేదు. క్షమించమని రెండుసార్లు అంది కూడా.

వెళ్లాను. కిటికీకి నల్లటి మందపాటి కర్టెన్లు, గది చీకటి. తలుపు మూసి ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. మొదటి నిమిషం నాకేమీ వినపడలేదు. ఆ మాటే చెప్పబోయాను. ఇంతలో వినపడింది. దూరంగా పిండిమర ఆడుతున్నట్టు, సన్నగా, గుయ్‌మని. ఒకసారి చెవిలో పడ్డాక ఇక వదల్లేదు. మంచం తలవైపు గోడమీద అరచెయ్యి పెట్టమంది. పెట్టాను. కిటికీ అద్దం మీద వేలు ఆనించమంది. అద్దం సన్నగా వణుకుతోంది.

"పెద్ద శబ్దం కాదు. ఆగదు, అంతే" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. శబ్దం అనగానే మనం ఎంత పెద్దది అనే ఆలోచిస్తాం. నిద్ర చెడగొట్టేది ఎక్కువగా ఆ పెద్దతనం కాదు, ఎడతెగకుండా ఉండటం. వీధిలో ట్రక్కు వెళ్తుంది, పోతుంది. ఆకులు ఊదే మెషీను పావుగంటలో ఆగిపోతుంది. మా మోటారు నాలుగు గంటలపాటు ఒకే స్వరంలో పాడుతూనే ఉంది. అది కూడా ఆవిడ గాఢనిద్రలో ఉండాల్సిన వేళల్లోనే. ఊరి నిబంధన ప్రకారం నా తప్పేమీ లేదు. కానీ ఆ చీకటి గదిలో నిలబడి ఆ మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు.

ఇరవై నిమిషాల కోసం కాదు, మిగతా రోజు కోసం కొనాలి

షోరూంలో ఏం చూపిస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. జెట్లు ఎంత బలంగా వస్తాయో, లైట్లు ఎన్ని రంగులు మారతాయో, స్పీకర్లు ఎక్కడున్నాయో చూపిస్తారు. అవన్నీ మనం అందులో కూర్చున్న ఇరవై నిమిషాలకి సంబంధించినవి. ఆ తర్వాత కవరు వేసి ఇంట్లోకి వచ్చేస్తాం. టబ్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. నీళ్లు తిప్పాలి, వడకట్టాలి, వేడి పడిపోతే కాచాలి. పక్కింటివాళ్లు వినేది ఈ రెండోదే. దాని గురించి షోరూంలో ఎవరూ తమంతట తాము చెప్పరు. మనమే అడగాలి.

అడగాల్సిన మొదటి ప్రశ్న, నీళ్లు తిప్పడానికి వేరే చిన్న సర్క్యులేషన్ పంపు ఉందా, లేక జెట్లు నడిపే పెద్ద మోటారే తక్కువ స్పీడులో తిరుగుతుందా అన్నది. చిన్న పంపు పాతకాలం బల్బంత కరెంటుతో దాదాపు రోజంతా తిరుగుతుంది, దగ్గరికి వెళ్లి చెవి పెడితే తప్ప తెలియదు. రెండు స్పీడుల మోటారైతే తక్కువ స్పీడులో కూడా నిమిషానికి 1700 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. మాది ఈ రెండో రకం. కొనేటప్పుడు ఈ తేడా ఉందనే నాకు తెలియదు.

డెసిబెల్ (శబ్దం కొలత) అంకెలు చూసి మోసపోకండి. బ్రోషర్‌లో ఒక అంకె వేస్తారు. ఎంత దూరం నుంచి కొలిచారు? జెట్లు నడుస్తున్నప్పుడా, ఫిల్టర్ మాత్రమే తిరుగుతున్నప్పుడా? ఈ రెండూ రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. రాసినా, మామూలుగా వాడే కొలత మన చెవి తీరుకి సరిపెట్టడం కోసం లోతైన మంద్ర శబ్దాలని తగ్గించి లెక్కేస్తుంది. నర్సుగారి గోడలో నా అరచేతికి తగిలింది సరిగ్గా ఆ మంద్రపు గుయ్‌మనే మోతే. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిస్తే ఏమీ లేనట్టే చూపించింది.

అందుకని షోరూంకి రద్దీ లేనప్పుడు, మూసే వేళకి వెళ్లండి. పాటలు ఆపమనండి. నీళ్లు నింపి ఉన్న టబ్‌ని ఫిల్టర్ మోడ్‌లో మాత్రమే నడపమనండి. టబ్ పక్క పలకల మీద అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి జివ్వుమంటే, ఆ వణుకు రేపు మీ శ్లాబులోకి (ఇంటికైనా టబ్‌కైనా కింద పోసే కాంక్రీటు గచ్చులోకి), అక్కణ్ణుంచి గోడలోకి వెళ్తుంది. లోపలంతా ఫోమ్‌తో నింపిన టబ్బులు వణుకుని కొంత మింగేస్తాయి, వేడిని కూడా బాగా పట్టి ఉంచుతాయి. అయితే ఎక్కడైనా నీరు కారితే ఆ ఫోమ్ తవ్వి వెతుక్కోవాలి. ఈ రెంటిలో ఏది మేలో నేను చెప్పలేను. మా రిపేరు అతను ఫోమ్ వద్దంటాడు, నేనైతే ఈసారి కొంటే ఫోమ్‌దే కొంటాను.

గాలి ఊది బుడగలు తెప్పించే బ్లోయర్ ఉన్న టబ్ మాత్రం ఇళ్లు దగ్గరగా ఉన్నచోట వద్దు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు గాలి నింపుకునే టబ్బులు కొంటుంటారు. ఖర్చు తక్కువ, ఎత్తుకుపోవచ్చు. వాటిలో బుడగలొచ్చేది ఆ బ్లోయర్‌తోనే. బుడగలు నొక్కితే వాక్యూం క్లీనర్ ఆన్ చేసినట్టే. రాత్రిపూట వాటిని ఉత్త వేడినీళ్ల తొట్టిలా వాడుకోవడమే మంచిది.

నాన్న, స్టీలు గ్లాసు

నర్సుగారు చెప్పాక ముందు నేను చేసింది వేళలు మార్చడం. సాయంత్రం 4 నుంచి 9 లోపు రెండు విడతలుగా పెట్టాను. ఆవిడకి పగటి నిద్ర దొరికింది. దాంతో అయిపోయిందనుకున్నాను.

డిసెంబరులో చలి ముదిరాక ఒక పొద్దున నాన్న, "రాత్రి రెండింటప్పుడు మోటారు వేశారేంటమ్మాయ్?" అన్నారు. ఎవరూ వేయలేదు నాన్నా అన్నాను. నాన్న నలభై ఏళ్లు సత్తెనపల్లి దగ్గర మా పల్లెలో మిరప, పత్తి పండించిన మనిషి. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి ఇచ్చే రోజుల్లో, నిద్రలో కూడా ఆయన చెవి బోరు మోటారు మీదే ఉండేది. మోటారు మోత మొదలైతే నీళ్లు పారుతున్నాయని అర్థం. మోత మారితే లేచి టార్చిలైటు పట్టుకుని పొలానికి పరుగు. అలాంటి ఆయనకి మా టబ్ మోటారు వినపడకపోతే ఆశ్చర్యపోవాలి.

ఆయన చెప్పింది నిజమే. ఫిల్టర్ వేళలు నేను పెట్టినవే అయినా, నీళ్ల వేడి పడిపోయినప్పుడల్లా టబ్ తనంతట తాను మోటారు వేసుకుని హీటర్ నడుపుతుంది. అదీ కాక గడ్డకట్టే చలి వస్తే పైపులు పగలకుండా మనం ఏ వేళలు పెట్టినా పట్టించుకోకుండా నీళ్లు తిప్పుతుంది. తిప్పాలి కూడా. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకి టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఎంతమంది ఇళ్లలో పైపులు పగిలాయో ఇక్కడ ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కాబట్టి వేళలు మార్చినంత మాత్రాన నిశ్శబ్దం వచ్చేయదు. అతి చల్లటి రాత్రి, అందరూ నిద్రపోయాక, పక్క ఏసీలన్నీ ఆగి ఊరు నిశ్శబ్దంగా ఉన్నప్పుడే అది మొదలవుతుంది.

ఆ రోజు నాన్న వంటింట్లోంచి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చారు. మోటారు తక్కువ స్పీడులో వేయమన్నారు. గ్లాసుని పేషియో గచ్చు మీద టబ్‌కి ఒక అడుగు దూరంలో పెట్టారు. నీళ్ల మీద సన్నటి వలయాలు, జల్లెడలో పిండి అదురుతున్నట్టు. గ్లాసు తీసి వాళ్ల పడకగది గోడ పక్కన, టబ్‌కి పన్నెండు అడుగుల దూరంలో పెట్టారు. వలయాలు కాస్త తగ్గాయి, పోలేదు. గ్లాసు ఎత్తి పేషియో దాటి పచ్చిక నేల మీద, అంతే దూరంలో పెట్టారు. నీళ్లు అద్దంలా నిలబడ్డాయి.

"గాల్లో వచ్చేది కాదమ్మా ఇది. గచ్చులోంచి వస్తోంది" అన్నారు. మా ఊళ్లో మోనోబ్లాక్ మోటారు కింద పాత టైరు ముక్కలు కోసి పెట్టేవాళ్లమని, లేకపోతే మోటారు షెడ్డు రేకులన్నీ మోగేవని చెప్పారు. మా ఆయన ఏసీ యూనిట్ల కింద వేసే మందపాటి రబ్బరు దిమ్మెలు తెచ్చారు. టబ్ ఖాళీ చేసి, మోటారు కింద వేశారు. బిగింపులు సరిచూశారు. గుయ్‌మనేది సగానికి తగ్గింది. మిగతా సగం మాత్రం ఏం చేసినా పోలేదు, ఎందుకంటే పేషియో గచ్చూ ఇంటి శ్లాబూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. రెండు గోడలూ పైకప్పూ కలిసి, గాల్లోకి పోవాల్సిన చప్పుడుని కూడా తిప్పి నర్సుగారి కిటికీ వైపే పంపిస్తున్నాయి. వాన పడకుండా మేం ఏరి కోరి ఎంచుకున్న మూల అది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ జెట్ల టబ్బులకి మూలమైన జకూజీ కుటుంబం గురించి తర్వాత చదివాను. ఇటలీ నుంచి కాలిఫోర్నియాకి వలస వచ్చిన అన్నదమ్ములు. మొదట విమానాలకి ప్రొపెల్లర్లు చేసేవాళ్లు. తర్వాత వ్యవసాయ బావులకి పంపులు చేశారు. వాళ్లలో కాండిడో కొడుకుకి చిన్నప్పుడే కీళ్లవాతం వస్తే, వాడికి ఇంట్లోనే నీటి వైద్యం చేయడానికి స్నానపు తొట్టిలో పెట్టుకునే పంపు తయారుచేశారు. 1956లో దాన్ని అమ్మకానికి తెచ్చారు. అన్నీ కలిపి ఒక్క తొట్టిలోనే అమర్చింది 1968లో. ఇది నాన్నకి చదివి వినిపిస్తే, "బావి మోటారేగా మరి" అన్నారు. అవును. టబ్‌ని ఫర్నిచర్‌లా చూస్తే దాని చప్పుడు మనకి అర్థం కాదు. అదొక మోటారు షెడ్డు. అలా అనుకుంటే ఎక్కడ పెట్టాలో, కింద ఏం వేయాలో వెంటనే తోస్తుంది.

నేల

చివరికి ఫిబ్రవరిలో టబ్‌ని కదిలించాం. ఇంటికి దూరంగా, పెరట్లో కుడివైపు వెనక మూలకి. అక్కడ ఫెన్సుకి అవతల కుడివైపు ఇంటివాళ్ల గ్యారేజీ గోడ, వెనక ఒక చిన్న వాగు, నడక దారి. అంతకుముందు నర్సుగారి కిటికీ పన్నెండు అడుగుల్లో ఉండేది, ఇప్పుడు నలభై ఎనిమిది అడుగులు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. పన్నెండు నుంచి ఇరవై నాలుగు, అక్కణ్ణుంచి నలభై ఎనిమిది, అంటే రెండుసార్లు రెట్టింపు. పన్నెండు డెసిబెల్స్ తగ్గినట్టు. చెవికి సగం కంటే తక్కువ. ఇంత తేడా ఖరీదైన టబ్ కొన్నంత మాత్రాన రాదు. చెట్లు నాటితే చప్పుడు ఆగుతుందని కొందరంటారు కానీ, ఒక వరస మొక్కలు అడ్డుపడేది చూపుకే. సందులున్న చెక్క ఫెన్సు కూడా అంతే.

కొత్త చోట శ్లాబు పోయించేటప్పుడు కూడా నాన్న మాటే పనికొచ్చింది. ఆయన వచ్చిన సెప్టెంబరులోనే ఫెన్సు పక్కన నేల చూసి, వేలు దూరేంత నెర్రెలు చూసి, "ఇది మన నల్లరేగడేనమ్మాయ్" అన్నారు. నిజంగా అలాంటిదే. డాలస్ ఉత్తరాన చాలాచోట్ల నల్ల బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఇక్కడ ఎండాకాలం జనం ఇంటి పునాదుల చుట్టూ పైపులు పరిచి నీళ్లు పెట్టేది అందుకే. అలాంటి నేల మీద ఉత్తినే నాలుగు పలకలు పేర్చి టబ్ పెడితే ఏడాది తిరిగేసరికి ఒక వైపు కుంగుతుంది. బరువు లెక్క చూడండి. 350 గ్యాలన్ల టబ్ అంటే 1,300 కిలోలకి పైగా నీళ్లే. టబ్, నలుగురైదుగురు మనుషులు కలిస్తే రెండు టన్నులు. కుంగి ఒరిగితే తొట్టి మెలి తిరుగుతుంది, మోటారు ఒక కాలి మీద నిలబడ్డట్టవుతుంది, వణుకు పెరుగుతుంది. సందులో చెక్కముక్కలు దోపడం దానికి పరిష్కారం కాదు.

మేం పై మట్టి తీయించి, కంకర వేసి గట్టిగా దిమ్మిస కొట్టించి, ఇనుప చువ్వలతో ఆరు అంగుళాల శ్లాబు పోయించాం. నాలుగు అంగుళాలు చాలన్నారు, నాకే మనసొప్పలేదు. ఇంటి శ్లాబుకీ దీనికీ ఎక్కడా కలవకుండా చూశాం. దాని మీద రబ్బరు మ్యాటు, దాని మీద టబ్. మోటారున్న వైపు, గాలి రంధ్రాలున్న వైపు వాగు దిక్కుగా తిప్పాం, ఎందుకంటే ఏ టబ్‌కైనా ఎక్కువ చప్పుడు వచ్చేది ఆ పక్కనుంచే. రిపేరు అతను కూర్చుని పనిచేసుకోవడానికి మూడడుగులు వదిలాం. లోపల చప్పుడు పీల్చే ఫోమ్ అంటిద్దామని మా ఆయన అన్నారు కానీ, టెక్సాస్ ఎండలో మోటారుకి గాలాడకపోతే కాలిపోతుందని, వారంటీ కూడా పోతుందని వద్దనుకున్నాం. కరెంటు పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. 240 వోల్టులు, 50 ఆంప్స్, నీళ్లలో మనుషులు. ఆపేసే స్విచ్చు టబ్‌కి కనీసం ఐదడుగుల దూరంలో, టబ్ దగ్గర నిలబడితే కనిపించేలా ఉండాలి.

కదిలించడానికి, శ్లాబుకి, కొత్త లైనుకి అన్నీ కలిపి దాదాపు నాలుగు వేల డాలర్లయింది. మొదటే ఒక రాత్రి పెరట్లో నిలబడి చూసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది. నర్సుగారికి మూడు వారాల నిద్రా మిగిలేది.

నాకున్న అనుమానాలు

మా పిన్ని కొడుకు వాదన ఇది: "బయట పెట్టే ఏసీ కండెన్సర్ ఇంతకంటే గోల చేస్తుంది కదక్కా. దానికి లేని అభ్యంతరం దీనికెందుకు?" వాడి మాటలో నిజముంది. కానీ ఏసీ అందరికీ ఉంది, అందరికీ కావాలి. వేసవిలో అన్నీ కలిసి మోగుతుంటే దేని చప్పుడూ విడిగా తెలియదు. టబ్ మనం వాడుకునేది ముఖ్యంగా ఆ ఏసీలన్నీ ఆగిపోయిన నెలల్లో. పైగా ఒక చప్పుడు అవతలివాళ్లకి కూడా అవసరమైనదా, మనకి మాత్రమే సుఖమా అన్న తేడా ఉంది. సుఖం మనది అయినప్పుడు జాగ్రత్త కూడా మనదే కావాలని నాకనిపిస్తుంది.

ఇంకో వైపు, నిశ్శబ్దం కోసం మరీ పట్టుబట్టినా ప్రమాదమే. నర్సుగారి గదిలోంచి వచ్చిన కొత్తలో బాధ కొద్దీ ఫిల్టర్‌ని రోజుకి రెండు గంటలకి తగ్గించేశాను. పది రోజుల్లో నీళ్లు కలి నీళ్లలా తెల్లబడ్డాయి, అదో వాసన. వేడినీళ్లలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి, వాటిని చంపే క్లోరిన్ లాంటి మందు త్వరగా అయిపోతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ టబ్ నీళ్లలో క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల్లో 3 భాగాలు) ఉండాలంటుంది. మోటారు తిరగకపోతే ఎంత మందు వేసినా అన్ని మూలలకీ చేరదు. అరవై దాటిన అమ్మని అందులో కూర్చోబెడుతున్నాను. పక్కింటావిడ నిద్ర ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. ఆ నీళ్లన్నీ పారబోసి, మళ్లీ నింపి, వేళలు పెంచాను. చప్పుడు తగ్గించాల్సింది మోటారు ఆపి కాదని, మోటారు ఉన్నచోటు మార్చి అని అప్పుడే నాకు గట్టిగా అనిపించింది.

చప్పుడుకీ కవరుకీ సంబంధం ఉందని కూడా ఆ చలికాలంలోనే తెలిసింది. కవరు నీరు పీల్చి బరువెక్కితే, అంచుల్లో ఆవిరి పోతుంటే, నీళ్లు త్వరగా చల్లబడతాయి. చల్లబడ్డ ప్రతిసారీ మోటారు లేస్తుంది. మంచి కవరు వేసి బిగించాక అర్ధరాత్రి మోతలు బాగా తగ్గాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం పడే కవరే కొనండి, దాని గురించి రెండో ఆలోచన వద్దు.

మనుషుల చప్పుడు మాటేమిటి? జెట్లు వేస్తే ఎదురుగా ఉన్నవాళ్లకి వినపడాలని గొంతు పెంచుతాం. నలుగురు స్నేహితులు చేరితే పదింటికి కూడా గొంతులు వాగు దాటి వినపడతాయి. దీనికి అమ్మ ఒక దారి చూపించింది, తనకే తెలియకుండా. అమ్మ ఎప్పుడూ జెట్లు వేయనివ్వలేదు. మొదటిసారి వేస్తే ఉలిక్కిపడి, "ఆపు తల్లీ, నీళ్లని నీళ్లలా ఉండనీ" అంది. బీపీ ఉందని డాక్టరుని అడిగి, టబ్బులకి గరిష్ఠంగా చెప్పే 104 డిగ్రీల ఫారెన్‌హీట్ కాకుండా 100కే పెట్టి, పావుగంటకి మించి ఉంచేవాళ్లం కాదు. ఆ పావుగంటా కదలని వేడినీళ్లలో, మెడదాకా మునిగి, కళ్లు మూసుకుని కూర్చునేది. చిన్నప్పుడు దీపావళి పొద్దున రాగి కాగులో కాచిన నీళ్లతో తను మాకు తలంటు పోసేటప్పుడు మా ముఖాలు ఎలా ఉండేవో, అమ్మ ముఖం అలా ఉండేది. ఆవిరిలో మేం మాట్లాడుకున్నవన్నీ గుసగుసలే. నా వరకు టబ్ అంటే అదే. మా ఆయన ఒప్పుకోరు. నడుంనొప్పికి జెట్లు కావాల్సిందే అంటారు, అదీ నిజమే. అందుకే జెట్లు రాత్రి ఎనిమిది లోపు, గాలి కలిపే నాబ్‌లు మూసేసి. ఆ నాబ్ మూస్తే నీటి ఒత్తిడి కాస్త తగ్గుతుంది కానీ బుసబుసలు చాలావరకు పోతాయి. ఎనిమిది దాటితే ఉత్త నీళ్లు.

జూలై సమస్య మాత్రం నాకింకా తేలలేదు. ఎండలు 100 దాటాక టబ్ చల్లగా ఉండదు. మోటారు తన వేడితో తనే నీళ్లని కాచేస్తుంది, మనం పెట్టిన డిగ్రీలు దాటిపోతుంది. ఫిల్టర్‌ని చల్లటి వేళల్లో తిప్పమంటారు. చల్లటి వేళ అంటే తెల్లవారుజామున మూడు, నాలుగు. ఇప్పుడున్న దూరంలో ఎవరికీ వినపడదని మా ఆయన అంటారు. నాకు ధైర్యం చాలలేదు. పోయిన వేసవిలో నర్సుగారిని అడిగాను, వారం రోజులు ఆ వేళకి నడుపుతాను, వినపడితే చెప్పండి అని. డ్యూటీ లేని రాత్రులు కిటికీ కాస్త తెరిచి పడుకుని మరీ చూసిందట. వినపడలేదంది. నర్సుగారి సంగతి సరే, గ్యారేజీ వైపు ఇంటివాళ్లకి ఈ మధ్య మూడో బిడ్డ పుట్టింది. గదులు మార్చుకున్నారేమో ఈసారి వాళ్లనీ అడగాలి.

ఇది రాస్తుండగానే మా పిన్ని కొడుకు మెసేజ్ వచ్చింది. "అక్కా, నిన్న రాత్రి పదకొండున్నరకి సందులో నిలబడ్డాను. ఫెన్సుకి అవతల ఎదురుగా కిటికీ ఉంది. లోపల చిన్న నీలం లైటు వెలుగుతోంది. పిల్లల గదిలా ఉంది. రేపు సాయంత్రం వెళ్లి పరిచయం చేసుకుని అడుగుతాను. టేపు ఒకటి తీసుకురా, పెరడంతా ఒకసారి కొలుద్దాం."